శీతకాలము గడుపుటకు ఏ రేవు?

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 28:1–13

ఈ పాఠము చదువుటకు ముందు పై భాగమును ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒకసారి బిగ్గరగా చదువుకొనుడి. మీ బైబిలు చివర పౌలు ప్రయాణముల పటమున్నయెడల దానిని తెరచి ఎదుట పెట్టుకొనుడి. పటము లేకున్న ఈ పాఠము సగము చప్పగానే యుండును.

మధ్యధరా సముద్రములో నేడు విహారనౌకలు, అనగా యాట్ అని పిలువబడు తెరచాప పడవలు, వేలకొలదిగా తిరుగుచున్నవి. వాటి యజమానులు వేసవియంతయు గ్రీసు దీవుల నడుమను, టర్కీ, ఇటలీ తీరముల వెంటను తిరుగుదురు. సెప్టెంబరు నెల దాటునప్పటికి వారందరి నోట ఒకే ప్రశ్న వినబడును: ఈ శీతకాలము పడవను ఎక్కడ ఉంచవలెను? కొందరు టర్కీలోని మార్మరిసుకో ఫినికెకో పోవుదురు. కొందరు క్రేతు ఉత్తరపు ఒడ్డుననున్న ఆగియోస్ నికోలాఓస్ రేవు చాలునందురు. మరికొందరు సిసిలీకిగాని మాల్టాకుగాని చేరుదురు. పడవను నీటిమీదనే కట్టివేయువారున్నారు, గట్టుమీదికి లాగించి ఊతకొయ్యలు పెట్టించి ఇంటికి పోవువారున్నారు. ఈ రేవు ఏ గాలికి తెరచియున్నది? అడుగున లంగరు పట్టు బంకమట్టి యున్నదా, రాయి యున్నదా? మంచినీరు, తిండి దొరకునా? నెలకు ఎంత అడుగుదురు? ఆ దేశపు చట్టము మనలను ఎన్నాళ్లు ఉండనిచ్చును? ఇవి వారు విచారించు సంగతులు.

ఇది సంపన్నుల వినోదమునకు సంబంధించిన సంగతి, మనకేల అని మీరనవచ్చును. కాని ఇదే ప్రశ్న ఇంచుమించు రెండువేల సంవత్సరముల క్రిందట ఒక గోధుమల ఓడలో పుట్టినది. ఆ ఓడలో 276 మంది యుండిరి. వారిలో పౌలు ఒక ఖైదీ, లూకా అతని తోడి ప్రయాణికుడు. మనము ఈ అధ్యాయము చదువునప్పుడు తుఫాను దగ్గరకు, దేవదూత దగ్గరకు, రొట్టె విరిచిన ఘట్టము దగ్గరకు తొందరగా పోవుదుము. ఈ నెల మాత్రము 8 మొదలు 13 వరకుగల ఆరు వచనములయొద్ద ఎక్కువసేపు నిలుతము. తుఫాను రాకముందే జరుగవలసినది అక్కడ జరిగిపోయినది.

మొదట కాలము సంగతి. వేసవిలో ఆ సముద్రపు తూర్పు భాగమున ఉత్తరపు గాలి, వాయవ్యపు గాలి విడువక వీచును. అందుచేత ఐగుప్తునుండి గోధుమలతో రోమాకు పోవలసిన ఓడ నేరుగా పడమటికి పోజాలదు. అది మొదట ఉత్తరమునకు, ఆసియ తీరమునకు చేరి, ఒడ్డు చాటున మెల్లగా పడమటికి జరుగవలెను. ఐగుప్తులోని అలెక్సంద్రియకు చెందిన ఓడ లుకియలోని మూర పట్టణమున శతాధిపతికి ఎట్లు దొరికెనని ఎవరైన అడిగినయెడల జవాబు ఇదియే. అది దారితప్పి వచ్చినది కాదు, దాని దారియే అది.

వెగెతియు అను రోమా గ్రంథకర్త ఓడప్రయాణముల కాలమును లెక్కగట్టి వ్రాసియున్నాడు. మే 27 మొదలు సెప్టెంబరు 14 వరకు నిర్భయముగా పోవచ్చును. అక్కడనుండి నవంబరు 11 వరకు అనుమానపు కాలము. నవంబరు 11 మొదలు మార్చి 10 వరకు సముద్రము మూయబడినట్లే. గాలి ఒక్కటే దీనికి కారణము కాదు. ఆ దినములలో దిక్సూచి లేదు. పగలు సూర్యుని, రాత్రి నక్షత్రములను చూచి దారి తెలిసికొనవలెను. మబ్బు కమ్మినయెడల నావికుడు గ్రుడ్డివాడే. 20వ వచనములో సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదని లూకా వ్రాయుట ఇందుకే. మన కోస్తా జాలరులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతమును నమ్మరాదని వారు ఎరుగుదురు. దివిసీమ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19న.

ఇప్పుడు 9వ వచనము చూడుడి. ఉపవాసదినము కూడ అప్పటికి గడచిపోయెనట. అది యూదుల ప్రాయశ్చిత్త దినము. సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో వచ్చును. ఈ ప్రయాణము జరిగినది క్రీ.శ. 59లో అని పలువురు పండితుల అభిప్రాయము. ఆ సంవత్సరము ఆ దినము అక్టోబరు 5 ప్రాంతమున పడినది. అనగా వెగెతియు చెప్పిన అనుమానపు కాలము వచ్చి అప్పటికే మూడు వారములు దాటెను. ఇటలీ ఇంకను చాల దూరమున నున్నది. ఈ యేడు రోమా చేరుట కలలోని మాట అని ఓడలోనివారందరికి తెలిసియే యుండును. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: శీతకాలము ఎక్కడ?

ఓడ అప్పుడు క్రేతు దక్షిణపు ఒడ్డున మంచిరేవులు అనుచోట నిలిచియున్నది. క్నీదు దాటిన తరువాత ఎదురుగాలి చేత తిన్నగా పోలేక, సల్మోనే కొనను చుట్టి, దీవి చాటున ప్రయాసముతో అక్కడికి చేరినది. ఆ స్థలము నేటికిని అదే పేరు కలిగియున్నది. గ్రీకువారు దానిని కాలి లిమెనెస్ అందురు, అర్థము కూడ మంచి రేవులనియే. ఇప్పుడక్కడ ఒడ్డుకు ఎదురుగానున్న చిన్న దీవిమీద ఓడలకు నూనె నింపు పెద్ద తొట్లు ఉన్నవి. ఆ దీవిపేరు పరిశుద్ధ పౌలు దీవి. రేవుకు పడమటి గాలి, వాయవ్యపు గాలి తగులవు. తూర్పు వైపు మాత్రము తెరచియున్నది. ఎదుటనున్న చిన్న దీవులు కొంతవరకే అడ్డము. దగ్గర ఊరు లసైయ. 1856 జనవరిలో సెయింట్ ఉర్సులా అను విహారనౌకలో వచ్చినవారు ఆ ఊరి శిథిలములను చూచి గుర్తుపట్టిరి. అది పెద్ద పట్టణము కాదు. 276 మందికి మూడు నాలుగు నెలలు భోజనము, బస దొరకుట కష్టమే. ఇట్టిచోట ఓడను నెలల తరబడి లంగరుమీద ఉంచుటకు నావికులు ఇష్టపడకపోవుట వింత కాదు.

ఫీనిక్సు సంగతి వేరు. అది అదే ఒడ్డున పడమటగా సుమారు 40 నాటికల్ మైళ్ల దూరమున నున్నది. ఇప్పటి లూత్రో గ్రామమే ఆ ఫీనిక్సు అని, లేక ఆ గ్రామపు కొండకొనకు ఆవలి ప్రక్కనున్న అఖాతమని పండితులు చెప్పుదురు. క్రేతు దక్షిణపు ఒడ్డంతటిలోను శీతకాలమునకు పనికివచ్చు రేవు అదియే. లూత్రోకు నేటికిని మోటారు బాట లేదు. పడవలోగాని కాలినడకనుగాని పోవలెను. మన తెలుగు బైబిలులో ఫీనిక్సు నైరుతి, వాయవ్య దిక్కులకు ఉన్నట్లు చదువుదుము. లూత్రో అఖాతము చూడగా తూర్పునకు తిరిగియున్నది. ఈ చిక్కు విప్పుటకు కొందరు, ఆ గాలులు వీచి పోవు దిక్కునకు చూచు రేవు అని గ్రీకు మాటలకు అర్థము చెప్పుదురు. మరికొందరు, ఆవలి ప్రక్క అఖాతము పడమటికే తిరిగియున్నది గదా అందురు. క్రీ.శ. 365లో వచ్చిన గొప్ప భూకంపముచేత క్రేతు నైరుతి భాగమున నేల కొన్నిచోట్ల 9 మీటర్ల వరకు పైకి లేచినది. కాబట్టి పౌలు కాలపు రేవు ఇప్పుడు మనము చూచునట్టి రేవు కాదు. నాకు రెండవ అభిప్రాయమే సులువుగా తోచుచున్నది, అయినను పాఠమునకు ఇది ముఖ్యము కాదు. ఇంకొక మాట: ఇంతకుముందు చెప్పిన టర్కీలోని ఫినికె ఈ ఫీనిక్సు కాదు. పేర్లు కలిసినవి గాని ఆ ఫినికె మూర పట్టణము ప్రక్కనున్నది, పౌలు ఓడ ఎక్కిన చోటికి దగ్గర.

రేవునకు రేవు పోల్చిచూచినయెడల ఫీనిక్సే మేలు. దీనిని ఎవరును కాదనలేదు. మంచిరేవులు శీతకాలము గడుపుటకు తగినది కాదని లూకాయే వ్రాసెను. పౌలు కూడ, ఈ రేవు మంచిది, ఇక్కడనే యుందమని అనలేదు. 10వ వచనమును మరల చదువుడి. పౌలు మాటలాడినది రేవునుగూర్చి కాదు, ప్రయాణమును గూర్చి. వారు ఈ రేవు మేలా, ఆ రేవు మేలా అని తూచుచుండగా అతడు నడుమనున్న 40 మైళ్లను చూచెను.

ఆ 40 మైళ్లు ఎట్టివి? మంచిరేవులనుండి నాలుగైదు మైళ్లు పడమటికి పోగా ఒక కొన వచ్చును. అంతవరకు కొండల చాటున్నది. కొన దాటగానే ఒడ్డు ఉత్తరమునకు తిరిగిపోవును. విశాలమైన మెస్సర అఖాతము ఎదుట తెరచుకొనును. అక్కడ ఓడకు చాటు లేదు. ఉత్తరమున 2456 మీటర్ల ఎత్తుగల ఈదా పర్వతమున్నది. ఆ ఎత్తులనుండి గాలి లోయలగుండ సముద్రముమీదికి ఒక్కుమ్మడిగా దిగును. దక్షిణపు గాలి మెల్లగా వీచుచు వీచుచు ఉన్నట్టుండి ఉత్తరపు పెనుగాలిగా మారుట ఆ ఒడ్డున నేటికిని నావికులు ఎరిగిన సంగతియే. వేసవిలో ఒక పగటిలో దాటగల దూరము అక్టోబరులో ప్రాణములకు వచ్చు దూరమాయెను.

వర్షాకాలము ముందర ఇల్లు కురియుచున్నదని పాత కప్పు తీయించి క్రొత్త తాటాకు వేయించుకొనుట బుద్ధిమంతుని పని. ఆ పనినే ముసురు పట్టిన నాడు మొదలుపెట్టినయెడల ఎట్లుండును? క్రొత్త కప్పు పాతదానికంటె మేలన్న మాట నిజమే. అయినను పాత కప్పు తీసిన గంటకును క్రొత్తది వేసిన గంటకును నడుమ ఇంటిలో పసిబిడ్డలుందురు గదా.

ఇక సలహా చెప్పినవారెవరు? నావికుడు తన పని తెలిసినవాడు. ఓడ యజమానుడు తన సొత్తు పోగొట్టుకొనగోరువాడు కాడు. శతాధిపతి యూలి దుర్మార్గుడు కాడు. సీదోనులో పౌలును స్నేహితుల యొద్దకు పోనిచ్చినవాడు. పనివారి మాట వినుట లోకములో సరియైన పద్ధతి. అందుచేత ఈ ముగ్గురిని అవిశ్వాసులని తిట్టి పాఠము ముగించుట నాకు ఇష్టము లేదు. ఓడ యజమానునికి డబ్బు ఆశ యుండెననియు కొందరు బోధకులు చెప్పుదురు. లూకా అట్లు వ్రాయలేదు, మనము కల్పింపరాదు. ఇంతమాత్రము చరిత్రలో నున్నది: అంతకు కొన్ని సంవత్సరముల ముందు రోమాలో ధాన్యము కొరత వచ్చినప్పుడు క్లౌదియ చక్రవర్తి, శీతకాలములో కూడ గోధుమలు తెచ్చు వర్తకులకు తుఫానువలన కలుగు నష్టమును తానే భరించుటకు ఒప్పుకొనెనని సుయెతోనియు అను చరిత్రకారుడు వ్రాసెను. కాలము తప్పిన ప్రయాణము ఆ వర్తకులలో అలవాటైన సాహసమే యని దీనినిబట్టి తెలియుచున్నది.

పౌలుకు ఏమి తెలుసును? అతడు గుడారములు కుట్టువాడు. కాని 2 కొరింథీయులకు 11:25 తీసి చూడుడి. మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడెననియు, ఒక రాత్రింబగళ్లు సముద్రములో గడపెననియు అక్కడ చెప్పుకొనెను. ఆ పత్రిక ఈ ప్రయాణమునకు ముందే వ్రాయబడినది. అట్టివాడు సముద్రపు కాలమునుగూర్చి మాటలాడినప్పుడు అది ఖైదీ పలికిన పిరికిమాట కాదు. అతడు దర్శనము చూచి ఆ సలహా ఇచ్చెనా? నేనట్లు తలంచను. 10వ వచనములో సరకులకు, ఓడకు మాత్రమే కాక ప్రాణములకు కూడ నష్టము కలుగునని పౌలు చెప్పెను. తుదకు ఒక్క ప్రాణమైనను పోలేదు. 22, 23 వచనములలో దేవదూత నిలువబడి చెప్పిన తరువాతనే అతడు ప్రాణనష్టము లేదని పలికెను. మొదటిది అనుభవముగల మనుష్యుని తెలివి. రెండవది దేవుని మాట. లూకా రెంటిని దాచక ప్రక్కప్రక్కన పెట్టెను. మంచి సలహా ప్రతిసారి దర్శనరూపముగా రానక్కరలేదని ఇక్కడ తెలియుచున్నది. మన సంఘములలో ముసలి జాలరియో విధవరాలో అనుభవముచేత చెప్పిన మాటను, దానికి వాక్యము చూపలేదని త్రోసివేయుట కద్దు.

12వ వచనములో ఎక్కువమంది ఆలోచన ఏదో చెప్పబడినది. ఎక్కువమంది చేతులెత్తినంత మాత్రమున గాలి దిక్కు మారదు. మరియు ఆ ఎక్కువమందిలో ఎవరెవరు లెక్కకు వచ్చిరి? సంకెళ్లలోనున్న ఖైదీలను అడిగియుండరు. పందెమునకు పెట్టబడినవి వారి ప్రాణములు కూడ. కమిటీలో కూర్చుండువారు ఈ సంగతిని మరల మరల ఆలోచింపవలెను: నిర్ణయము మనది, కాని మునిగినయెడల మునుగువారు ఎవరు?

ఆలోచన తెగకముందో తెగిన తరువాతనో, దక్షిణపు గాలి మెల్లగా వీచెను. తమ ఆలోచన సమకూడినదని వారు తలంచిరి. అనుకూలమైన గాలి నిజముగా అనుకూలమైనదే. ఆ దినమున దానితో ఫీనిక్సు చేరినవారు కూడ ఎందరో యుందురు. గాని అది ఎంతసేపు వీచునో ఎవరును చెప్పలేదు. 16వ వచనములో ఒక చిన్న సంగతి గమనింపుడి. వారి చిన్న పడవ ఓడ వెనుక నీటిలోనే లాగబడుచు వచ్చుచుండెను. దూరప్రయాణమునకు పోవువారు, గాలికి భయపడువారు పడవను పైకెత్తి కట్టుకొందురు. వీరు ఎత్తలేదు. సాయంకాలమునకు ఫీనిక్సులో దిగుదుమను నమ్మకము ఎంత గట్టిదో ఆ పడవ చెప్పుచున్నది.

కొంచెము సేపటికే ఊరకులోను అను పెనుగాలి దీవిమీదనుండి దిగినది. ఇది ఈశాన్యపు గాలి. మాల్టావారు నేటికిని శీతకాలములో వచ్చు ఈశాన్యపు గాలిని గ్రెగాలే అని పిలిచి దానికి భయపడుదురు. తరువాత జరిగినది మీరెరుగుదురు: కౌద చాటున పడవను అతికష్టముతో పైకెత్తుట, ఓడ చుట్టు త్రాళ్లు బిగించుట, సరకులు, పిమ్మట ఓడ సామగ్రి పారవేయుట. అటుపై ఇంకను అనేక దినముల చీకటి.

ఈ చీకటిని లెక్కవేసినవాడు ఒక విహారనౌక యజమానుడే యగుట విశేషము. స్కాట్లండు దేశమున గ్లాస్గో దగ్గరి జోర్డన్‌హిల్‌కు చెందిన జేమ్స్ స్మిత్ 1782లో పుట్టెను. జీవితమంతయు తెరచాప పడవలు నడిపినవాడు, భూగర్భ శాస్త్రము ఎరిగినవాడు. అతడు 1844–45 శీతకాలమును మాల్టాలో గడపెను. అక్కడ ఊరకుండక, చేత బైబిలు పట్టుకొని, సముద్రపు పటములు, నావికుల అనుభవములు పోగుచేసి 27వ అధ్యాయమును మాటమాటకు పరీక్షించెను. 1848లో అతని గ్రంథము వెలువడెను. కౌదనుండి మాల్టా తూర్పు కొన వరకు సుమారు 475 మైళ్లని అతడు కొలిచెను. తెరచాపలు దించిన ఓడ అట్టి గాలిలో గంటకు ఇంచుమించు ఒకటిన్నర మైలు కొట్టుకొనిపోవును. లెక్కవేయగా పదమూడు దినములును కొన్ని గంటలును తేలినది. లూకా పదునాలుగవ రాత్రి అని వ్రాసెను! మంచిరేవులనుగూర్చి కూడ స్మిత్ తన తీర్పు చెప్పెను: ఫీనిక్సంత మంచిది కాకపోయినను, దీవులును రాళ్లగట్లును అడ్డముండుటచేత అది శీతకాలమునకు ఓర్వదగిన రేవే. అనగా పౌలు సలహా నావికుని దృష్టితో చూచినను సరియైనదే.

నావికులు గుండు వేసి లోతు చూచినప్పుడు ఇరువది బారలు, కొంత దూరము పోగా పదునైదు బారలు. ఇవి సుమారు 120 అడుగులు, 90 అడుగులు. మాల్టాలో పౌలు అఖాతమను చోట ఈ లోతులు సరిపోవుచున్నవని స్మిత్ చూపెను. ఆ దీవిలోనే వేరొక అఖాతమును చూపువారును, వేరొక దీవి పేరు చెప్పువారును లేకపోలేదు. లోతు తగ్గుచుండగా వారు రాత్రివేళ ఓడ వెనుకనుండి నాలుగు లంగరులు వేసిరి. ముందు వైపున వేసినయెడల ఓడ గాలికి తిరిగి రాళ్లకు తగిలియుండును. వెనుక వేయుటచేత తెల్లవారి ఒడ్డువైపు నడిపించుటకు ఓడ ముఖము సిద్ధముగా నుండెను. ఆ నావికులు పని తెలియనివారు కారని ఇక్కడ మరల కనబడుచున్నది.

ఓడ పగిలినది. గోధుమలు సముద్రము పాలాయెను. 276 మంది తడిసి, వణకుచు, తాము ఎన్నడును కోరని దీవిలో ఒడ్డెక్కిరి. మంచిరేవులు ఇరుకని వదలినవారు, ఫీనిక్సు మేలని బయలుదేరినవారు శీతకాలమంతయు మెలితేలో, అన్యుల దయమీద గడిపిరి. ఆ దీవివారు వర్షములో, చలిలో వారికి నిప్పు రాజబెట్టిరి. పొప్లి తండ్రి స్వస్థత, రోగులు వచ్చుట, తిరుగు ప్రయాణమునకు వారు ఇచ్చిన వస్తువులు, ఇవన్నియు 28వ అధ్యాయములో నున్నవి. వాటిని మరియొక నెల చదువుదము.

అయితే 28:11లోని ఓడను విడిచిపెట్టకూడదు. అదియు అలెక్సంద్రియ ఓడయే. గోధుమలతో బయలుదేరినదే కావచ్చును. దాని నావికుడు ఎవరో, ఎప్పుడు అక్కడికి చేరెనో లూకా చెప్పలేదు. ఇంతమాత్రము చెప్పెను: అది శీతకాలమంతయు ఆ దీవియందే నిలిచియుండెను. ఒక ఓడ రాళ్లదగ్గర ముక్కలగుచున్న దినములలో ఇంకొక ఓడ అదే దీవి రేవులో త్రాళ్లతో కట్టబడి యుండెను. మూడు నెలలు గడచెను. ఫిబ్రవరి 8 ప్రాంతమున పడమటి గాలి మొదలై సముద్రము తెరచుకొనునని ప్లినీ అను రోమా గ్రంథకర్త వ్రాసెను. ఇంచుమించు ఆ దినములలోనే ఆ ఓడ పౌలును, యూలిని, మిగిలినవారిని ఎక్కించుకొని బయలుదేరియుండును. సురకూసైలో మూడు దినములు ఆగెను. అక్కడనుండి చుట్టు తిరిగి రేగియు చేరెను. అక్కడ ఒక దినము నిలిచిన తరువాత దక్షిణపు గాలి వీచెను. రెండవ దినమున వారు పొతియొలీ రేవులో దిగిరి.